కాన్రాడ్ ఫైట్: దుష్టపాత్రలు ధరించిన ధర్మపరుడు



మన గ్రామములలో వీధిభాగవతము గాని, నాటకము గాని ఆడునపుడు రామునికిని, కృష్ణునికిని వేషగాండ్రు సులభముగా దొరకుదురు; హిరణ్యకశిపునికిని, దుర్యోధనునికిని తగినవాడు దొరకుట కష్టము. ఇది పెద్దలెల్లరు ఎరిగిన విషయమే. కీచకుడు భయపెట్టనిచో ద్రౌపది దుఃఖము మన మనస్సునకు తగులదు. హిరణ్యకశిపుని గర్జనలో పస లేనిచో ప్రహ్లాదుని భక్తికి విలువ తెలియదు. అయినను తెల్లవారి, ఆట ముగిసి, ఆ వేషగాడు మొగమునకున్న రంగు కడిగికొన్న పిదప మన మాతనిని కీచకుడని తిట్టము. పిలిచి కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, బాగుగా ఆడితివని మెచ్చుకొందుము. వేషము వేరు, మనిషి వేరు అను వివేకము మన పల్లెలకు క్రొత్తది కాదు.

అయితే ఈ వివేకమునకు అందని ప్రశ్న యొకటి కలదు. జీవితమంతయు దుష్టుల వేషములనే ధరించిన నటుడొకడు కలడనుకొనుడు. అతని దేశమున ఒకనాడు నిజమైన దుష్టత్వమే రాజ్యాధికారము ధరించి నిలిచినది. ఆ రాజ్యము అతనిని ఆదరించుటకు సిద్ధముగానే యున్నది. అప్పుడతడేమి చేయవలెను? ఈ ప్రశ్నకు తన జీవితముతోనే సమాధానము చెప్పిన యొక జర్మను నటుని చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేయుదును. ఆయన పేరు కాన్రాడ్ ఫైట్. ఆంగ్లేయులు ఆ పేరును వైట్ అని పలుకుదురు.

ఫైట్ 1893వ సంవత్సరము జనవరి 22వ తేదీన బెర్లిన్ నగరమున జన్మించెను. ఆయనది క్రైస్తవ కుటుంబము; లూథరు మతశాఖకు చెందినది. ఈ విషయము జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథకు దీనితో ప్రయోజనము కలదు. పిల్లవాడు చదువులో వెనుకబడినవాడు. 1912లో పాఠశాల విడుచునాటికి తరగతిలో కడపటివాడుగా నుండెను. అయితే ఆరడుగులకు మించిన పొడవును, సన్నని దేహమును, చూచినవారు మరువలేని కన్నులును ఆతనికుండెను. ఆ కాలమున బెర్లిన్ రంగస్థలమునకు మాక్స్ రైన్‌హార్ట్ మకుటములేని మహారాజు. ఆయన నాటకశాలలో ఫైట్ శిష్యుడుగా చేరి, చిన్న చిన్న వేషములతో ఆరంభించెను.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. ఫైట్ సైన్యమున చేరి, 1915లో తూర్పు రణరంగమునకు పంపబడెను. అచ్చట పచ్చకామెరలును, ఊపిరితిత్తుల వ్యాధియు తగిలి ఆసుపత్రి పాలయ్యెను. పిమ్మట సైనికుల వినోదార్థము ఏర్పడిన నాటకసంఘమున నటించుచు, 1917లో సైన్యమునుండి విడుదలయై బెర్లిన్ చేరెను. యుద్ధమును కన్నులార చూచినవాడగుటచే, మనుష్యులు ఆజ్ఞకు లోబడి ఎట్లు చంపుదురో, ఎట్లు చత్తురో ఆయనకు తెలిసెను.

ఆయనకు లోకప్రసిద్ధిని తెచ్చిన చిత్రము 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో విడుదలయ్యెను. దాని పేరు "డాక్టర్ కాలిగరి మందిరము." అది మూకీ చిత్రము, దర్శకుడు రాబర్ట్ వీనె. కాలిగరి యను మాయలవాడు సంతలలో గుడారము వేసి, పెట్టెలో పరుండిన యొక యువకుని జనులకు చూపుచుండును. ఆ యువకుని పేరు చెజారె. అతడు నిద్రలో నడచువాడు. పగలు శవమువలె పెట్టెలో నుండును. రాత్రివేళ యజమాని ఆజ్ఞ కాగానే లేచి, గోడల నీడలవెంట జారుచు పోయి, చూపినవారిని చంపి వచ్చును. ఆ చిత్రమున ఇండ్లు వంకరలు, వీధులు వంకరలు. నీడలను సైతము రంగులతో గుడ్డలమీద చిత్రించిరి. ఆ వికృతలోకమున నల్లని బిగువైన దుస్తులతో, తెల్లని మొగముతో, లోతైన కన్నులు మెల్లగా తెరచిన చెజారెను చూచి జనులు దిగ్భ్రమ చెందిరి. ఆ చెజారె వేషధారి మన ఫైట్. యజమానియగు కాలిగరి వేషము ధరించినవాడు వెర్నర్ క్రౌస్ అను మరియొక మహానటుడు. ఈ రెండు పేర్లను జ్ఞాపకముంచుకొనుడు. ఈ యిరువురును ముందుముందు రెండు దారులు పట్టుదురు.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టును. హత్య చేసిన చేయి చెజారెది, సంకల్పము కాలిగరిది. పాపమెవ్వరిది? ఇది యొక చిత్రముతో తీరినది కాదు. ఆ దశాబ్దమున ఫైట్ ధరించిన పెక్కు పాత్రలలో ఈ ప్రశ్నయే వేరు వేరు రూపముల కానవచ్చును. 1924 నాటి "ఓర్లాక్ చేతులు" అను చిత్రమున ఆయన పియానో విద్వాంసుడు. రైలు ప్రమాదమున చేతులు పోగా, ఉరితీయబడిన హంతకుని చేతులను వైద్యుడు ఆతనికి అతుకును. ఆ చేతులు తనను హత్యకు పురికొల్పునని అతడు గడగడలాడును. 1926 నాటి "ప్రాగు విద్యార్థి" చిత్రమున ధనాశచే తన ప్రతిబింబమును అమ్ముకొనిన యువకుడు. ఆ ప్రతిబింబము అద్దమునుండి వెలికివచ్చి అతని జీవితమును పాడుచేయును. పరుల సంకల్పము నా దేహమున ప్రవేశించి పని చేసినచో ఆ కర్మఫలము నాది కాదా? ఈ వెరపును కన్నులలో చూపుటయందు ఆయనకు సాటి లేకుండెను.

రాజుల వేషములును ఆయన ధరించెను. 1924లో రష్యా చక్రవర్తి క్రూర ఇవానుగా నటించెను. అంతకు ముందు 1921లో, "భారతీయ సమాధి" అను చిత్రమున ఒక హిందూదేశపు మహారాజుగా కానవచ్చెను. తన్ను విడనాడి యొక ఆంగ్లేయుని ప్రేమించిన రాణికి, ఆమె బ్రతికియుండగనే సమాధిమందిరము కట్టింపబూనిన అసూయాపరుడా రాజు. ఆ చిత్రమునందలి కోటలు, దేవాలయములు, ఏనుగులు సర్వమును బెర్లిన్ సమీపముననే సిద్ధపరచిరి. అందలి భారతదేశము మన దేశము కాదు, జర్మనులు కలగన్న దేశము. అయినను తలపాగ ధరించి, శిలవలె కదలక, మెల్లమెల్లగా కోపమును మ్రింగుచుండు ఫైట్ నటన మాత్రము నిజమైనది. ఆయన విధానమే అది. దుష్టుడనగానే మీసము మెలివేసి, కన్నులెర్రజేసి, కేకలు వేయువాడు కాదు. ఆయన ప్రతినాయకుడు మర్యాదగా కూర్చుండును, మృదువుగా పలుకును, చిరునవ్వు నవ్వును. ఆ చిరునవ్వు చూచియే ప్రేక్షకులు వణకుదురు.

ఈ కీర్తి అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. హాలీవుడ్ ఆయనను ఆహ్వానింపగా అమెరికా వెళ్లెను. అచ్చట నటించినవానిలో 1928 నాటి "నవ్వుచుండు మనిషి" ముఖ్యమైనది. ఫ్రెంచి మహారచయిత విక్టర్ హ్యూగో నవల దానికి మూలము. బాల్యముననే దుర్మార్గులు నోటిని కోసి శాశ్వతముగా నవ్వు ముద్రించిన యొక దురదృష్టవంతుని పాత్ర అది. పెదవులు నవ్వుచుండగా కన్నులతో ఏడ్వవలెను. చిత్రమేమనగా, ఈ కరుణపాత్రయొక్క ఛాయాచిత్రమును చూచియే 1940లో అమెరికా బొమ్మల కథలలో జోకర్ అను ప్రతినాయకుని సృష్టించిరి. ఈనాటి పిల్లలు సైతము ఎరిగిన ఆ భయంకరమైన నవ్వు ఫైట్ మొగమునుండి పుట్టినదే.

ఆ సమయముననే టాకీలు వచ్చెను. ఫైట్‌కు ఇంగ్లీషు అంతగా పట్టువడలేదు. అందుచే 1929లో స్వదేశమునకు మరలి, జర్మను టాకీలలో అగ్రశ్రేణి నటుడుగా వెలుగొందెను. ధనము, గౌరవము, అభిమానుల ఆదరణ, అన్నియు నుండెను. అప్పటికాయన వయస్సు నలువదికి చేరుచుండెను.

1933 జనవరి 30వ తేదీన హిట్లరు జర్మనీ ప్రధానామాత్యుడయ్యెను. మార్చి నెలలో గోబెల్సు అధికారమున ప్రచారశాఖ యేర్పడెను. ఆ నెల ముగియకముందే జర్మనీలోకెల్ల పెద్దదైన ఊఫా చిత్రసంస్థ తనయొద్ద పనిచేయు యూదులను తొలగింప నిర్ణయించెను. ఏండ్ల తరబడి కలిసి పనిచేసిన దర్శకులు, రచయితలు, సంగీతజ్ఞులు ఒక్క కాగితముతో అన్యులైపోయిరి. ఫైట్‌కు గురుతుల్యుడగు రైన్‌హార్ట్ యూదుడే; ఆయనయు దేశము విడిచి, తుదకు 1943లో న్యూయార్కు నగరమున మరణించెను.

ఫైట్ యూదుడు కాడు. నోరు మూసికొని యున్నచో ఆయన కెట్టి బాధయు లేదు. అయితే ఆ 1933 ఏప్రిల్ నెలలోనే ఆయన లిలీ ప్రాగర్ అను స్త్రీని వివాహమాడెను. ఆమె యూదవంశజురాలు. అప్పుడు చలనచిత్రములలో పనిచేయువారందరు తమ జాతి యేదో తెలుపుచు ఒక పత్రము పూర్తిచేయవలసి వచ్చెను. ఆ పత్రమున జాతి యను చోట ఫైట్ యూదుడని వ్రాసెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. తాను కానిదానిని అయితినని వ్రాయుట అసత్యము కాదా యని యెవరైన అడుగవచ్చును. కాని ఆ దినమున ఆ యొక్క మాటకు అర్థము వేరు. మీరు ఎవరిని వెలివేయుచున్నారో, నన్నును వారితో లెక్కింపుడని దాని తాత్పర్యము. ఊరిలో ఒక కుటుంబమును వెలివేసినపుడు, ఆ కుటుంబముతో పంక్తిని కూర్చుండి భుజించువానికి ఎంత ధైర్యము కావలెనో మన పెద్దలకు తెలియును.

ఆ నెలలోనే భార్యాభర్తలిద్దరును ఇంగ్లండు చేరిరి. నలువది యేండ్ల వయస్సున, అరకొరగా వచ్చిన పరభాషతో, బ్రతుకును మరల మొదలుపెట్టవలసి వచ్చెను. నటునికి భాషయే పనిముట్టు. దానిని విడుచుట కమ్మరి కొలిమిని విడుచుటవంటిది. ఆయన ఇంగ్లీషును శ్రమపడి అభ్యసించెను. పట్టుదలతో నేర్చిన ఆ మాటతీరే, మెత్తగా, నెమ్మదిగా, జర్మను యాసతో, తరువాత ఆయన ప్రతినాయకులకు గొప్ప ఆయుధమయ్యెను.

ఇప్పుడు ముందు చెప్పిన రెండు దారుల సంగతి. పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీలోని వుర్టెంబెర్గు సంస్థానమున జోసెఫ్ సూస్ ఓపెన్‌హైమర్ అను యూదుడు ప్రభువునకు ధనవ్యవహారములు చూచుచుండెను. ప్రభువు మరణింపగా శత్రువు లాతనిపై నేరములు మోపి, 1738లో ఉరితీయించిరి. ఈ కథను 1934లో ఇంగ్లండున చిత్రముగా తీసిరి. అందు సూస్ పాత్ర ఫైట్‌ది. జాతిద్వేషమెట్లు మనుష్యుని బలిగొనునో ఆ చిత్రము చూపెను. ఆరేండ్ల పిదప, 1940లో, ఆ సూస్ కథనే గోబెల్సు ప్రోత్సాహమున జర్మనీలో తారుమారు చేసి తీసిరి. అందు యూదులందరును కుత్సితులు, నీచులు. ఆ చిత్రమును తన బలగములోని వారందరు చూడవలెనని నాజీ పోలీసు అధిపతి హిమ్లరు ఆజ్ఞాపించెను. అందు పలువురు యూదుల వేషములను వికృతముగా ధరించి చూపినవాడు ఎవ్వరు? వెర్నర్ క్రౌస్, కాలిగరి వేషధారి.

ఇరువురును సమానమైన ప్రతిభ గలవారు. ఇరువురును యూదులు కారు. ఒకే చిత్రముతో ఇరువురును లోకమునకు తెలియవచ్చిరి. ఒకడు తన విద్యను అధికారమునకు అర్పించెను. మరియొకడు ఆ అధికారము కోరనిదానికే అర్పించెను. యుద్ధానంతరము క్రౌస్ విచారణకు లోనయి, కొంతకాలము నటింపరాదను నిషేధమును అనుభవించి, పిదప మరల రంగస్థలమున ప్రసిద్ధుడయ్యెను. ఆయన నటనను ఎవ్వరును తక్కువ చేయలేదు. నటన గొప్పదగుట వలననే ఆ చిత్రము చేసిన కీడును గొప్పదయ్యెను. వేషము వేరు, మనిషి వేరు అనుట సత్యమే. కాని వేషము ఎవరి పక్షమున కట్టితిమను బాధ్యత మాత్రము మనిషినే అంటును.

ఇంగ్లండున ఫైట్ కాలము సుఖముగానే జరిగెను. రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభము కాకముందే బ్రిటిషు పౌరుడయ్యెను. 1939లో వచ్చిన "నల్లదుస్తుల గూఢచారి" అను చిత్రమున, మొదటి యుద్ధకాలపు జర్మను జలాంతర్గామి నాయకుడుగా నటించెను. ఆ పాత్ర ఇంగ్లండునకు శత్రువే గాని దుష్టుడు కాదు; కర్తవ్యము, పౌరుషము గలవాడు. ఆంగ్ల ప్రేక్షకులు సైతము ఆతనిని చూచి జాలిపడిరి. శత్రువునకును, దుర్మార్గునకును గల భేదమును ఫైట్ ఎన్నడును మరువలేదు.

తరువాతి చిత్రము "బాగ్దాదు దొంగ." దానితో మన దక్షిణదేశమునకు సంబంధము కలదు. అరబ్బీ కథలను ఆధారము చేసికొన్న ఆ రంగుల చిత్రమున దొంగపిల్లవానిగా నటించిన సాబు మైసూరు సంస్థానమున, కారాపురమున, ఒక మావటివాని కుమారుడు, 1924లో జన్మించెను. 1937 నాటి "ఏనుగు బాలుడు" అను చిత్రముతో ఆ పిల్లవాడు ప్రపంచప్రఖ్యాతి పొందెను. "బాగ్దాదు దొంగ" యందు రాజును మోసగించి, గ్రుడ్డివానిని చేసి, రాజ్యమపహరించు మాంత్రిక వజీరు జాఫరు వేషము ఫైట్‌ది. చిత్రము ఇంగ్లండున ఆరంభమైనది గాని, 1939 సెప్టెంబరులో యుద్ధము రాగా, మిగిలిన భాగమును అమెరికాలో ముగించి 1940లో విడుదల చేసిరి. జర్మనీనుండి వచ్చిన కాందిశీకుడును, మైసూరు మావటివాని కుమారుడును ఎదురెదురుగా నిలిచి నటించిన ఆ చిత్రమును పిల్లలు, పెద్దలు ఈనాటికిని చూచి ఆనందింతురు.

1940లో ఫైట్ మరల హాలీవుడ్ చేరెను. అచ్చట వారికి నాజీల వేషములు వేయువారు కావలసియుండిరి. జర్మను యాస, గంభీరమైన విగ్రహము, చల్లని చూపు, ఇవన్నియు ఆయనయందున్నవి. ఏ మృగమునుండి పారిపోయి వచ్చెనో ఆ మృగముయొక్క తోలునే కప్పుకొని తెరపై నిలువవలసి వచ్చెను. ఆయన కాదనలేదు. అయితే తాను నాజీగా నటించుచో ఆ పాత్ర దుష్టపాత్రయే కావలెను గాని మెచ్చుకొనదగినది కారాదని ఒడంబడికలో నియమము పెట్టించుకొనెనని చెప్పుదురు. తన సంపాదనలో పెద్దభాగమును బ్రిటిషువారి యుద్ధసహాయమునకు ఇచ్చెను. అట్లు తెరపైని నాజీ ఆర్జించిన ధనము నాజీలపై యుద్ధమునకే వినియోగమయ్యెను.

1942లో వచ్చిన "నాజీ ఏజంటు" చిత్రమున ఆయనకు రెండు వేషములు. కవలలైన ఇద్దరు సోదరులు. ఒకడు అమెరికాలో శాంతముగా బ్రతుకు చిన్న దుకాణదారుడు. మరియొకడు నాజీ ప్రభుత్వోద్యోగి. దుష్టుడు తన తమ్మునిపై ఒత్తిడి తేగా, పెనుగులాటలో ఆ దుష్టుడే మరణించును. మంచివాడు అతని వేషము ధరించి శత్రువుల గుట్టు బయలుపెట్టును. మంచివాడు నాజీ వేషము ధరించుట కథలో జరిగినదే. ఫైట్ బ్రతుకులోను జరిగినదదియే.

ఆ సంవత్సరముననే నిర్మింపబడినది "కాసాబ్లాంకా." ఉత్తర ఆఫ్రికాలో ఫ్రెంచివారి పాలనలో నున్న మొరాకో దేశమున కాసాబ్లాంకా యొక రేవుపట్టణము. నాజీల బారినుండి తప్పించుకొన్నవారు అమెరికా చేరుటకై అచ్చట పడిగాపులు పడుచుందురు. వారిలో నొక దేశభక్తుని పట్టుకొనవచ్చిన జర్మను సైనికాధికారి మేజరు స్ట్రాసరు. ఆ వేషము ఫైట్‌ది. అందొక ఘట్టము కలదు. విందుశాలలో జర్మను అధికారులు తమ పాట పాడుచుందురు. అప్పుడా దేశభక్తుడు లేచి ఫ్రెంచి జాతీయగీతమును వాయింపుడని కోరును. శాలలోని జనమంతయు గొంతెత్తి పాడగా జర్మనుల పాట అణగిపోవును. అక్కడ నటించినవారిలో పలువురు నిజముగా కాందిశీకులే. మార్సెల్ దాలియో, మాదలీన్ లెబో అను ఫ్రెంచి నటులు 1940లో ఫ్రాన్సునుండి పారిపోయి వచ్చినవారు. పీటర్ లోరె 1933లో జర్మనీ విడిచినవాడు. వారి కన్నీరు నటన కాదు. ఆ పాటకు ఓడిపోయి, కోపముతో శాలను మూయింపుమని ఆజ్ఞాపించువాడుగా నటించిన ఫైట్ కూడ వారిలో నొకడే. ఆ పాటలో గొంతు కలుపవలసినవాడు, ఆ పాటకు శత్రువుగా నిలిచెను. నిలిచినందువలననే ఆ పాటకు బలము వచ్చెను.

"కాసాబ్లాంకా" 1944లో అకాడమీవారి ఉత్తమచిత్ర బహుమానమును పొందెను. దానిని చూచుటకు ఫైట్ లేడు. 1943 ఏప్రిల్ 3వ తేదీన లాస్ ఏంజిలీస్ నగరమున గోల్ఫు ఆడుచుండగా గుండె ఆగి మరణించెను. వయస్సు ఏబది యేండ్లు. హిట్లరు పతనమునకు అప్పటికింకను రెండేండ్లు కలవు. ఆయన చితాభస్మము 1998లో లండనునగరపు గోల్డర్సు గ్రీను శ్మశానవాటికలో నుంచబడెను. జన్మభూమి ఆయన కొల్లనిదానిని ఆశ్రయభూమి తుదకు ఇచ్చినది.

1945, 1946 సంవత్సరములలో న్యూరెంబర్గు పట్టణమున నాజీ నాయకులను విచారించినపుడు, వారిలో పలువురు తాము పై ఆజ్ఞను పాలించితిమని చెప్పుకొనిరి. న్యాయస్థానము ఆ మాటను అంగీకరింపలేదు. 1947లో సీగ్‌ఫ్రీడ్ క్రాకౌర్ అను విమర్శకుడు ఒక గ్రంథము ప్రకటించి, యజమాని సైగచే చంపివచ్చు చెజారెయందు జర్మనీ భవిష్యత్తు ముందే కానవచ్చినదని వాదించెను. ఆ వాదమును కొందరు అంగీకరింతురు, కొందరు అంగీకరింపరు. అయితే ఒక్క సంగతి మాత్రము నిశ్చయము. 1933లో ఒక దేశమంతయు నిద్రలో నడువ నారంభించినపుడు, నిద్రలో నడచువాని వేషముచే పేరొందిన ఫైట్ మేలుకొనియుండెను.

మన పిల్లలు సినిమాలు చూచి, ప్రతినాయకుడు వచ్చినపుడు కేకలు వేయుదురు. వేయనిండు, అది ఆ నటునికి బహుమానమే. ఆ పిమ్మట, ఆ వేషము మన కెందుకు చూపబడినదని వారిని అడుగుడు. దుష్టుని చూచి అసహ్యింపవలెననియా, లేక బలహీనుడైన పొరుగువానిని దుష్టుడని నమ్మవలెననియా? మొదటిది ఫైట్ విద్య. రెండవది 1940 నాటి క్రౌస్ విద్య. ఈ భేదమును గుర్తింపగల ప్రేక్షకుడున్న ఊరిలో ఏ కాలిగరి గుడారమునకును గిరాకి యుండదు.